మారిషస్ దీవిలో మన వంట: మితవ్యయ విహారమునకు ఒక ప్రణాళిక

దేశాటనము విద్యలో ఒక భాగమని పెద్దలు చెప్పుదురు. అయినను మధ్యతరగతి కుటుంబములలో సముద్రము దాటి విహారమునకు పోవుదమన్న మాట వినబడగానే రెండు సందేహములు తలయెత్తును. ఉన్న డబ్బు చాలునా అనునది మొదటిది. అచ్చట మనము తినదగిన తిండి దొరకునా అనునది రెండవది. ఒక ఇంట తండ్రిగారికి ఉప్పు తగ్గించి వండవలెను. మరియొక ఇంట దాదీజాన్ హలాల్ అని నిశ్చయముగా తెలియనిదే ముద్ద ముట్టరు. వేరొక ఇంట మాంసము వండిన గిన్నెలో ఉడికిన పప్పు కూడ పనికిరాదు. ఇట్టి కుటుంబములకు హోటలు భోజనము ఖర్చు మాత్రమే కాదు, నిత్యము ఒక బెంగ.

ఈ రెండు సందేహములకును ఒకే సమాధానము కలదు. అది వంటయిల్లు గల అద్దె ఇల్లు. కొన్నాళ్ళకు ఒక ఇంటిని అద్దెకు తీసుకొని, అచ్చటి సంతలో కొని, మన చేతితో వండుకొని, మిగిలిన కాలమున ఊరు చూచుట. ఈ పద్ధతికి మిక్కిలి అనుకూలమైన చోట్లలో మారిషస్ ద్వీపము ఒకటి. ఆ దీవిని ఉదాహరణముగా గైకొని, ఇట్టి ప్రయాణమును ఎట్లు యోచించుకొనవలెనో ఈ వ్యాసమున వివరింతును.

దీవి పుట్టుక

హిందూ మహాసముద్రపు నైరృతి భాగమున, మడగాస్కర్‌కు తూర్పున సుమారు 800 కిలోమీటర్ల దూరమున మారిషస్ ఉన్నది. దాని పొడవు సుమారు 65 కిలోమీటర్లు, వెడల్పు 45 కిలోమీటర్లు. సముద్రగర్భమున చెలరేగిన అగ్నిపర్వతము వలన కొన్ని దశలక్షల సంవత్సరముల క్రిందట ఈ దీవి పుట్టినది. ఇప్పుడు అచ్చటి అగ్నిపర్వతములు చల్లారియున్నవి. వాటి పొరుగున, సుమారు 200 కిలోమీటర్ల దూరమున నున్న రియూనియన్ దీవిలో మాత్రము అగ్నిపర్వతము నేటికిని రగులుచునే యున్నది.

మన పాఠకులకు ఆసక్తి కలిగించు విషయమొకటి ఇచ్చట చెప్పవలెను. భూగర్భమున ఏ ఉష్ణకేంద్రము మారిషస్‌ను, రియూనియన్‌ను పుట్టించినదో, సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట మన దక్కను పీఠభూమిపై లావాను పరచినదియు ఆ కేంద్రమే యని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆదిలాబాదు, వికారాబాదు ప్రాంతముల నల్లరాయి ఆ లావాయే. ఆ రాయి చివికి ఏర్పడినదే అచ్చటి నల్లరేగడి. మారిషస్ చెరకు తోటల నడుమ గుట్టలుగా పేర్చిన నల్లరాళ్ళను చూచినపుడు మన నేల జ్ఞప్తికి వచ్చుటలో వింత లేదు.

ఎప్పుడు పోవలెను, ఏ వైపున ఉండవలెను

ఈ దీవి భూమధ్యరేఖకు దక్షిణమున, 20వ అక్షాంశము వద్ద ఉన్నది. కాబట్టి ఋతువులు మనకు తారుమారు. నవంబరు మొదలు ఏప్రిలు వరకు వేసవి, వానలు. అందును జనవరి నుండి మార్చి వరకు తుపానుల భయము ఎక్కువ. మే మొదలు అక్టోబరు వరకు చల్లని, పొడి కాలము. మనకు ఎండలు మండిపోవు మే మాసమున, కళాశాలలకు సెలవులుండగా, అచ్చట వాతావరణము హాయిగా నుండును. డిసెంబరు చివర, జనవరి మొదట ఐరోపా యాత్రికుల రద్దీ వలన అద్దెలును, విమానపు ధరలును పెరుగును. ఈ ఒక్క సంగతి తెలిసి నెలను ఎంచుకొన్నచో ఖర్చులో మొదటి కోత పడినట్లే.

కాలముతో పాటు దిక్కును కూడ ఎంచుకొనవలెను. అగ్నిపర్వతము మిగిల్చిన ఎత్తైన పీఠభూమి దీవి నడుమ నిలిచియున్నది. ఆగ్నేయము నుండి వీచు గాలులు ఆ ఎత్తును తాకి పైకి లేచి, చల్లబడి, వాన కురియును. అందుచేత నడుమనున్న క్యూర్‌పిప్ పట్టణము తరచుగా మబ్బు, చలి, ముసురులతో నుండును. కొండల చాటున నున్న పడమటి తీరము పొడిగా, ఎండగా నుండును. చలికాలమున తూర్పు తీరమున గాలి హెచ్చు. కాబట్టి ఎండను, ప్రశాంతమైన నీటిని కోరువారు పడమట ఫ్లిక్-ఆన్-ఫ్లాక్, తమారిన్ గ్రామములలోగాని, ఉత్తరమున త్రూ-ఓ-బిష్, పెరేబేర్ గ్రామములలోగాని ఇల్లు చూచుకొనుట మేలు. అద్దె తక్కువ యని పీఠభూమిపై ఇల్లు కుదుర్చుకొని, ఏడు దినములును కిటికీలోనుండి వానను చూచుచు కూర్చుండుట పొదుపు కానేరదు.

ఖర్చు లెక్క

ఏ ప్రయాణమునకైనను ఖర్చును అయిదు పద్దులుగా వ్రాసికొనవలెను: విమానపు టిక్కెట్టు, ఇంటి అద్దె, తిండి, దీవిలో రాకపోకలు, ప్రవేశ రుసుములు. ఈ మొత్తముపై పదింట ఒక వంతు అనుకోని అవసరములకు పక్కన పెట్టవలెను.

ఇందులో టిక్కెట్టే అతి పెద్ద పద్దు. ముంబై నుండి నేరుగా పోవు విమానము ఆరు గంటలకు పైగా ప్రయాణించి దీవికి చేరును. హైదరాబాదు వారు ముంబైలోగాని మరియొక నగరములోగాని మారవలసియుండును. ఆ రెండు ప్రయాణములను ఒకే టిక్కెట్టుగా తీసుకొనుట శ్రేయస్కరము. వేరువేరుగా కొన్నచో, మొదటి విమానము ఆలస్యమైనపుడు రెండవ టిక్కెట్టు వృథా కావచ్చును. టిక్కెట్టు తలకొకటి చొప్పున కొనక తప్పదు. ఇంటి అద్దె అట్లు కాదు. అది ఇంటి మొత్తమునకు. కాబట్టి మనుష్యుల సంఖ్య పెరిగినకొలది అద్దె భారము పంచుకొనబడును. ఇద్దరికంటె నలుగురికి, నలుగురికంటె రెండు కుటుంబములు కలిసినచో ఆరుగురికి ఈ పద్ధతి లాభకరము.

తిండి పద్దును లెక్కించి చూతము. నలుగురు మనుష్యులు, దినమునకు మూడు పూటలు, ఏడు దినములు: మొత్తము 84 భోజనములు. ఉదయము, రాత్రి ఇంట భుజించినచో 56 భోజనములు ఇంటివే. ఒక దినము మధ్యాహ్నపు భోజనమును కట్టుకొని సముద్రతీరమునకు పోయినచో 60 అగును. బయట కొనవలసినవి 24 మాత్రమే మిగులును. రాత్రి భోజనమునకు, ఆ కట్టుకొనిపోవు పూటకు కలిపి మనిషికి 125 గ్రాముల బియ్యము చొప్పున వారమునకు 4 కిలోలు సరిపోవును. కిలోన్నర పప్పు, ఒక లీటరు నూనె చాలును. ఇంత మాత్రపు సరుకుతో 84 హోటలు భోజనముల భారము నాలుగింట ఒక వంతుకంటె కొంచెమే హెచ్చుగా మిగులును.

ఒక జాగ్రత్త చెప్పవలెను. అచ్చటి నాణెమునకును రూపాయి యనియే పేరు. అయితే దాని విలువ మన రూపాయి విలువకు దాదాపు రెండింతలు. దుకాణములో అంకెను చూచి మన రూపాయలనుకొని చవక యని మురియువారు ఇంటికి వచ్చి లెక్క చూచుకొని విచారింతురు. బయలుదేరు నాటి మారకపు విలువను ఒక చీటీపై వ్రాసి జేబులో నుంచుకొనుట మంచిది.

ఇల్లు కుదుర్చుకొనుట

భారతీయులు విహారార్థము పోవుటకు ముందుగా వీసా తీసుకొననక్కరలేదు. తిరుగు టిక్కెట్టు, బస చేయు ఇంటి కాగితము, ఖర్చులకు చాలినంత ధనమున్నట్లు ఆధారము విమానాశ్రయములో చూపవలసియుండును. కావున ఇల్లు ముందే కుదిరియుండవలెను. యాత్రికులకు అద్దెకిచ్చు ఇండ్లకు అచ్చటి టూరిజం అథారిటీ అనుమతి ఉండవలెను. ఆ అనుమతి కలదా యని మొదట అడుగుట మన హక్కు.

ఫొటోలో సముద్రము కనబడినంత మాత్రమున ఇల్లు సముద్రపు ఒడ్డున ఉన్నదని అనుకొనరాదు. బయానా పంపుటకు ముందు ఈ ప్రశ్నలు వ్రాసి పంపి, జవాబును కూడ వ్రాతలోనే పుచ్చుకొనవలెను. తీరమునకు కాలినడకన ఎన్ని నిమిషములు? బస్సు ఆగు చోటును, కిరాణా దుకాణమును ఎంత దూరమున నున్నవి? గ్యాసు, విద్యుత్తు అద్దెలో చేరియున్నవా? పర్యాటక రుసుము వేరుగా చెల్లించవలెనా? పొయ్యి మంటలు ఎన్ని? ఫ్రిజ్ ఉన్నదా? పెద్ద గిన్నెలు, మూతలు ఉన్నవా? వృద్ధులు ఉన్నచో మెట్లు ఎన్ని? రాక ఆగిపోయినచో బయానాలో ఎంత తిరిగి వచ్చును?

ప్రెషర్ కుక్కరు అచ్చట ఉండునని నమ్మకము లేదు. చిన్న కుక్కరును, ఒక పెనమును వెంట తీసుకొనిపోవుట ఉత్తమము. హలాల్ నియమము గలవారికిని, శాకాహారులకును ఈ రెండు పాత్రలు మనసుకు నెమ్మది నిచ్చును. అచ్చటి విద్యుత్తు మన విద్యుత్తు వంటిదే. కాని గోడలోని సాకెట్లు ఎక్కువగా ఇంగ్లండు పద్ధతివి గాన ఒక అడాప్టరు కొని యుంచుకొనవలెను. పండ్లు, కూరగాయలు, విత్తనములు, మాంస పదార్థములు వెంట గొనిపోరాదు. వాటిపై నిర్బంధములు కలవు. కొన్ని నొప్పి మాత్రలు, నిద్రమాత్రలు కూడ నిర్బంధములోనివే. కావున పెద్దల మందులకు వైద్యుని చీటీ తప్పక వెంట నుండవలెను.

సంత, వంట

మారిషస్ తన ఆహారములో అధిక భాగమును ఇతర దేశములనుండి దిగుమతి చేసికొనును. అందుచేత డబ్బాలలోని ఐరోపా సరుకులు ప్రియము. స్థానికముగా పండు కూరలు, సంతలోని ఆకుకూరలు, దీవివాసులు నిత్యము తిను బియ్యము, పప్పు వాటికంటె చవక. ఇది తెలిసికొన్న ఇల్లాలికి, ఇంటాయనకు సంచి ఎట్లు నింపుకొనవలెనో వేరుగా చెప్పనక్కరలేదు.

పోర్ట్ లూయీ నగరపు కేంద్ర విపణి, సోమవారపు మహేబూర్గ్ సంత పేరెన్నిక గన్నవి. ఆ సంతలలో మన చెవులకు విందు చేయు విషయమొకటి కలదు. అచ్చటి ప్రజలు మాటాడు క్రియోల్ భాష ప్రధానముగా ఫ్రెంచి నుండి పుట్టినది. కాని కూరల పేళ్ళలో దక్షిణ భారత భాషల ఛాయలు నిలిచియున్నవి. కరివేపాకును వారు ‘కరిపులే’ అందురు. కొత్తిమీర ‘కొతొమిలి’. మునగాకు ‘బ్రేద్ మురుమ్’. బీరకాయ ‘పిపంగాయ్’. పొట్లకాయ ‘పతోల్’. బెండకాయకు ‘లాలో’ యని వేరు పేరున్నను, చూడగానే పోల్చుకొనవచ్చును. ఫ్రెంచి రానివాడు కూడ ఈ అంగళ్ళలో వ్రేలు చూపి పేరు చెప్పి కొనగలడు.

జనాభాలో సుమారు 17 శాతము ముస్లింలని 2011 జనాభా లెక్కలు చెప్పుచున్నవి. అందుచేత హలాల్ మాంసము పట్టణములలో సులభముగా దొరకును. పోర్ట్ లూయీలో పందొమ్మిదవ శతాబ్దపు నడుమ కట్టిన జుమ్మా మసీదు దర్శనీయము. బయట తినవలసిన ఆ 24 భోజనములకు కూడ వీథి బండ్లు ఉన్నవి. పప్పు కూరిన పలుచని రొట్టెలో చిక్కుడు గింజల కూర, టమాటా పులుసు, పచ్చడి వేసి చుట్టి ఇచ్చు దాల్‌పురి ఆ దేశపు ప్రియాహారము. ‘గాతో పిమాఁ’ యని పిలుచు చిరుతిండిని నోట వేసికొన్నచో, అది మన పప్పు వడయే యని తెలియును. బిర్యానీని దేగిశాలలో వండి అమ్ముదురు. దాని రుచిని హైదరాబాదుతో పోల్చి తగవు పెట్టుకొనకుండుట యాత్రికునికి మర్యాద.

ఆదివారము మధ్యాహ్నమునకు చాల దుకాణములు మూయుదురు. కాబట్టి శనివారమే సరుకులు తెచ్చుకొనవలెను. త్రాగు నీటిని కాచి చల్లార్చి వాడుట ఎచ్చటనైనను క్షేమకరము.

తిరుగుట, చూచుట

దీవి చిన్నది గాన బస్సులు నలుమూలలకు పోవును. పోర్ట్ లూయీ నుండి క్యూర్‌పిప్ వరకు 2022 నాటికి పూర్తియైన మెట్రో రైలు మార్గము కలదు. అయితే పల్లెలలో చీకటి పడగానే బస్సులు అరుదగును. ఈ సంగతి తెలియక సూర్యాస్తమయము చూచుచు నిలిచినవారు టాక్సీకి చెల్లించు సొమ్ము, ఆ దినమున వంటలో మిగిల్చినదానిని మ్రింగివేయును. టాక్సీ ఎక్కుటకు ముందే ధర మాటాడుకొనవలెను.

ఖర్చు లేని చూడదగిన వింతలు అచ్చట పెక్కు కలవు. సముద్రతీరములన్నియు ప్రజలవే. పెద్ద హోటలు ముందున్న ఇసుకపై నడచుటకు కూడ ఎవరి అనుమతియు అక్కరలేదు. ప్రజల తీరములలో సరుగుడు చెట్ల నీడలు కలవు. వారాంతమున అచ్చటి కుటుంబములు గిన్నెలతో అన్నము, కూరలు తెచ్చుకొని చెట్ల క్రింద పంక్తి తీరి కూర్చుండును. దీవి చుట్టును దాదాపుగా పగడపు గట్టు ఉండుటచే అలలు దూరముననే విరిగి, లోపలి నీరు కొలను వలె నిలుకడగా నుండును. దక్షిణమున గ్రీ-గ్రీ వద్ద ఆ గట్టు తెగియున్నది; అచ్చట అలలను ఒడ్డున నిలిచి చూడవలెనేగాని దిగరాదు. పగడపు ముక్కలు, ముళ్ళ జీవులు ఉండును గాన నీటిలో రబ్బరు చెప్పులు తప్పనిసరి.

క్యూర్‌పిప్ వద్ద త్రూ-ఓ-సెర్ఫ్ అను చల్లారిన అగ్నిబిలపు అంచున నడువవచ్చును. మరియొక బిలమున నీరు నిండి ఏర్పడిన గంగా తలావ్ సరస్సునకు మహాశివరాత్రి నాడు దీవి నలుమూలలనుండి హిందువులు కాలినడకన వచ్చుదురు. బ్లాక్ రివర్ లోయల అరణ్యమున నడక దారులు కలవు. షమరేల్ వద్ద లావా చివికి ఏడు వన్నెల మట్టిగా మారిన దిబ్బలకు మాత్రము ప్రవేశ రుసుము చెల్లించవలెను.

పదునారు మెట్లు

ఎంత పొదుపు చేసినను, ఏ కారణముననైనను మానుకొనరానిది ఒకటి కలదు. అది పోర్ట్ లూయీ రేవులోని ఆప్రవాసీ ఘాట్. బ్రిటిషు వారు బానిసత్వమును రద్దు చేయనున్న తరుణమున, చెరకు తోటలలో పనికి మన దేశమునుండి కూలీలను ఒప్పందముపై తరలించుట ఆరంభించిరి. 1834 నవంబరు 2వ తేదీన అట్లాస్ అను ఓడలో 36 మంది దిగిరి. తరువాతి దశాబ్దములలో వచ్చినవారి సంఖ్య నాలుగున్నర లక్షలు దాటినది. వారిలో హిందువులును, ముస్లింలును కలరు. కోరంగి రేవునుండి ఓడ ఎక్కిన తెలుగువారిని దీవిలో కోరంగులనియే పిలిచిరి. పురుషునికి నెలకు అయిదు రూపాయల జీతము, కొలిచి ఇచ్చు బియ్యము, పప్పు, ఉప్పు. ఒక దినము పనికి రానిచో రెండు దినముల జీతము కోసెడివారు. వారు ఓడ దిగి ఎక్కిన పదునారు రాతి మెట్లు నేటికిని నిలిచియున్నవి. యునెస్కో 2006లో ఆ చోటును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది.

చెరకు తోటలలోని ఆ నల్లరాళ్ళ గుట్టలను పేర్చిన చేతులు ఎవరివో ఈ మెట్ల వద్ద తెలియును. సంతలో వినబడిన కరిపులే, కొతొమిలి మాటలు ఆ దీవికి ఎట్లు చేరెనో కూడ ఇచ్చటనే తెలియును. కూలీల పేళ్ళు వ్రాసిన పాత పుస్తకములు మోకా గ్రామమునందలి మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూటులో భద్రముగా నున్నవి. ఆ సంస్థలోనే తెలుగును, ఉర్దూను బోధింతురు. అచ్చటి ప్రాథమిక పాఠశాలలలో కూడ ఈ రెండు భాషలు ఐచ్ఛికముగా నేర్పబడుచున్నవి. ఉగాదియు, ఈదుల్ ఫితరు పండుగయు ఆ దేశమున ప్రభుత్వ సెలవు దినములు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగినవి. ఒకే సంచిక అట్టల నడుమ ఈ రెండు లిపులను చదువుకొను మనకు ఆ దీవి పరాయి దేశమని తోచదు.

విద్యార్థి మిత్రులారా! ఇట్టి ప్రయాణము నేడే సాధ్యము కాకపోవచ్చును. ఉద్యోగము దొరకిన పిదప, నెలనెల కొంత మిగిల్చి, తల్లిదండ్రులను వెంట తీసుకొని పోదురుగాక. ఆ నాటి సాయంత్రము అద్దె ఇంటి వంటగదిలో అమ్మ తనకు నచ్చినంత బియ్యము కడిగి పొయ్యిపై నుంచినపుడు, అదే దీవిలో ఒకనాడు కొలిచి ఇచ్చిన బియ్యముతో కడుపు నింపుకొన్నవారిని ఒక్కసారి తలచుకొనుడు. పిదప ఆ అన్నమును తృప్తిగా భుజింపుడు.